నేలకు పాడే పియానో

పటాన్‌చెరులో పాత రోడ్డు పక్కన పెంటయ్యకు మైకుసెట్ల దుకాణం ఉండేది. ఒక ఆంప్లిఫయరు, రెండు గొట్టం మైకులతో మొదలుపెట్టి, పెళ్ళిళ్ళకూ బోనాలకూ కిరాయికి ఇచ్చుకుంటూ ఇరవై ఏళ్ళలో నాలుగు అరల దుకాణం చేశాడు. ఆర్కెస్ట్రాల వాళ్ళు అడుగుతున్నారని ఈమధ్య కీబోర్డులూ పియానోలూ తెప్పిస్తున్నాడు. వాటిని వాయించడం ఆయనకు రాదు. కానీ ఏ డబ్బాలోంచి వచ్చే శబ్దం ఎంత దూరం పోతుందో చెవితోనే చెప్పగలడు. చుట్టుపక్కల ఆయన పరపతి అంతా ఆ చెవి మీదే నడిచింది. ఆయన లెక్కలో లోకంలో సరుకు రెండే రకాలు, కదిలేది, కదలనిది. కదలని సరుకు అరలో ఉంటే తిన్నది అరగదు.

2006 వేసవిలో అలాంటి సరుకు ఒకటి ఆయన అరలో ఎనిమిది నెలలుగా కూర్చుని ఉంది. డెబ్భై ఆరు మెట్ల, అంటే కీల, ఎలక్ట్రానిక్ పియానో. నల్లగా, నునుపుగా, చూడగానే పెద్దింటి వస్తువులా ఉంటుంది. స్పీకర్లు దానిలోనే ఉన్నాయి. సెల్స్ వేస్తే కరెంటు లేకుండానూ మోగుతుంది. వచ్చిన చిక్కల్లా ఆ స్పీకర్లు అడుగున, కిందికి తిరిగి ఉండడం. గుమ్మడిదల ఆర్కెస్ట్రా నర్సింహ దాన్ని ఒక్క పెళ్ళిలో వాయించి వాపసు తెచ్చాడు. "ఇది నేలకు పాడుతది పెంటయ్యన్నా, జనానికి కాదు. బల్ల మీద పెడితే శబ్దం దానికి తాకి పైకి లేస్తది. ఉత్త స్టాండు మీద, బయట పెట్టిన్నంటే శబ్దాన్ని గడ్డి తాగేస్తది" అన్నాడు. పెంటయ్య వాదించలేదు. పందిట్లో నిలబడి తానూ విన్నాడు మరి.

వీరలక్ష్మి దుకాణానికి వచ్చింది ఒక గురువారం నాడు. కాకినాడ వైపు మనిషి. భర్త కామరాజు ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఆయన పనిచేసే ఫ్యాక్టరీ సంక్రాంతి దాటాక మూతపడింది. పోతిరెడ్డిపల్లిలో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు. చిన్నప్పుడు మిషన్ స్కూల్లో పియానో నేర్చుకుంది, అది ఇప్పుడు పనికొచ్చేలా ఉంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల ఆఫీసర్ల పిల్లలు చదివే ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచరు కావాలన్నారు. ప్రిన్సిపాల్ షరతు ఒక్కటే. పొద్దున ప్రార్థన వేళకు రోజూ కరెంటు పోతుంది, మైకు ఉండదు. టీచరు తన పియానో తాను తెచ్చుకుని, ఆరుబయట నాలుగు వందల మంది పిల్లల చేత కలిపి పాడించాలి. సోమవారం పొద్దున పరీక్ష.

ఇదంతా ఆమె దాచకుండా చెప్పింది. బేరమాడే వాళ్ళెవరూ అంత చెప్పరు. డాక్టరు దగ్గర చెప్పుకున్నట్టు చెప్పి, "నాకు స్పీకర్ల సంగతి తెలియదండీ. మీ చెవి మీద నమ్మకంతో వచ్చాను. ఏది వెనక వరుస దాకా వినిపిస్తుందో అది ఇవ్వండి" అంది.

దుకాణంలో అప్పుడు రెండే ఉన్నాయి. ఒకటి ఆ నల్లది. ఇంకొకటి అరవై ఒక్క మెట్లది, బూడిద రంగు ప్లాస్టిక్, ఆటబొమ్మ వాటంగా ఉంటుంది. అదీ సెల్స్‌తో మోగుతుంది. దాని స్పీకర్లు మెట్ల పైన, మనిషి ముఖంలోకి చూస్తూ ఉంటాయి. ఆమె అడిగిన పనికి అదే సరైనదని పెంటయ్య మనసు ఒక్క క్షణంలో తేల్చింది. అదే క్షణంలో ఇంకో సంగతీ తేల్చింది. బూడిద రంగుది ఎవరైనా కొంటారు. నల్లదాన్ని పియానో నేర్చిన మనిషే కొంటుంది. అలాంటి మనిషి మళ్ళీ ఎప్పుడొస్తుందో.

ఆయన అబద్ధం ఆడలేదు. ఆ మాట తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకున్నాడు. చేసిందల్లా నల్ల పియానోను దుకాణం మూలకు తీసుకెళ్ళి, రెండు గోడలు కలిసేచోట, షాబాద్ బండ పరిచిన బల్ల మీద పెట్టడం. లారీల మోత వస్తున్నదని షట్టరు సగం దించాడు. ఇక వాయించమన్నాడు. అడుగు నుంచి వచ్చిన శబ్దం బండకు తగిలి, గోడలకు తగిలి, దుకాణమంతా నిండింది. వీరలక్ష్మి కళ్ళు మూసుకుని వాయించింది. తర్వాత బూడిద రంగుదాన్ని దుకాణం నడుమ, బట్టలు కప్పిన పెట్టెల మీద పెట్టి వినిపించాడు. అది పీలగా పలికింది.

"ఇదే ఇవ్వండి," అని ఆమె నల్లదాని మీద చెయ్యి వేసింది.

ఆమె ఆటో మలుపు తిరిగేదాకా పెంటయ్య భార్య శివమ్మ నోరు విప్పలేదు. ఆమె రోజంతా దుకాణంలోనే కూర్చుంటుంది, ఆమె కంట పడనిది లేదు.

"నర్సింహ మాట ఆమెకు చెప్పినవా?" అంది.

"ఆమె అడగలే."

"అడగనీకి ఆమెకేం తెలుసు? మూలకు పెట్టి వాయిపిచ్చినవ్ గదా. నేను గిన్నెల నోరు పెట్టి పాడినా గట్లనే మోగుత."

పెంటయ్య షట్టరు పూర్తిగా పైకి లేపాడు. "బ్యారమన్నంక సరుకు మంచిగ కనవడేటట్టే పెడతం. బట్టల దుకాణపోడు అద్దం ముందల నిలవెడ్తలేడా?"

"చీర నచ్చకుంటే మార్చుకుంటరు. నౌకరి పోతే ఏం మార్చుకుంటది?"

శనివారం వీరలక్ష్మి ఫోన్ చేసి, పియానో అద్భుతంగా ఉందనీ, ఎదురింటి వాళ్ళు కూడా వచ్చి విన్నారనీ చెప్పింది. ముందు గదిలో, గోడవారగా, చెక్క బల్ల మీద పెట్టుకుని వాయిస్తున్నదట. కామరాజు మూడు నెలల తర్వాత మొదటిసారి నవ్వాడట. ఒక్కసారి దాన్ని స్టాండు మీద పెట్టి బయట వాయించి చూడమ్మా అన్న మాట పెంటయ్య నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఆ మాట అంటే తర్వాతి ప్రశ్న ఏమిటో ఆయనకు తెలుసు. శివమ్మ ఆ పూట ఆయనకు అన్నం వడ్డించింది గానీ ఎదురుగా కూర్చోలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆయనకు ఒక ఉపాయం తట్టింది. పియానో కింద గట్టి ప్లైవుడ్ చెక్క ఒకటి, ముందుకు మూరెడు వచ్చేలా పెడితే, అడుగు శబ్దం దానికి తగిలి పిల్లల వైపు పోతుంది. బూడిద రంగుది తీసుకుపోయి మార్చి ఇవ్వడం అంతకన్నా సులువే. కానీ అలా చేస్తే తప్పు ఒప్పుకున్నట్టు. చెక్క ఇస్తే అలా కాదు. ఇది కంపెనీ వాళ్ళు పియానోతో ఇచ్చే సామానే, నేనే ఇవ్వడం మరిచిపోయాను అనొచ్చు. ఆమె పనీ అవుతుంది, తన పేరూ నిలుస్తుంది. ఎటు చూసినా నష్టం లేని లెక్క.

చెక్క కోశాడు. మూలలు గుండ్రం చేశాడు. పియానో రంగుకు కలవాలని నల్ల పెయింటు వేశాడు. సోమవారం తెల్లారి చూస్తే కింద చెక్క చారలు కనబడుతున్నాయి. కంపెనీ సామాను అలా ఉండదని రెండో పూత వేశాడు. అడుగున నాలుగు రబ్బరు బుడిపెలు బిగించాడు. శివమ్మ చూసి, పొద్దెక్కుతున్నదని ఒకసారి, పెండ్లిపిల్లను తయారు చేసినట్టు చేస్తున్నవేందని ఒకసారి అంది. ఆయన స్కూటరు తీసేసరికి ఎనిమిది దాటింది.

స్కూలు గేటు దగ్గరికి పోయేసరికి ప్రార్థన మొదలైపోయింది. చదునైన గడ్డి మైదానం, వరుసల్లో పిల్లలు, ఎదురుగా స్టాండు మీద నల్ల పియానో. వీరలక్ష్మి ఇస్త్రీ చీరలో నిటారుగా నిలబడి వాయిస్తున్నది. పెంటయ్య వెనక వరుస పక్కన ఆగాడు. ఆయనకు పియానో వినపడలేదు. ముందు వరుసల పిల్లలు పాడేది మాత్రమే వినిపించింది. వెనక పిల్లలు వాళ్ళను విని ఎత్తుకోవడంతో ఒక మాట వెనకబడ్డారు. రెండో చరణానికి పాట రెండు ముక్కలైంది. వీరలక్ష్మి మెట్లను బలంగా నొక్కుతున్నట్టు భుజాల కదలికలో తెలుస్తున్నది. శబ్దం మాత్రం నేలలోకి పోతున్నది. ప్రిన్సిపాల్, తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన, సరిగ్గా వెనక వరుసలోనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

అప్పుడే ముందుకు నడిచి చెక్క పెడితే సరిపోయేది. యాభై అడుగులు. పెంటయ్య ఆ యాభై అడుగుల లాభనష్టాలు చూస్తూ నిలబడ్డాడు. ఈ స్కూలు వార్షికోత్సవానికి మైకులు తనవే. పాట నడుమ చెక్క పట్టుకుని పోతే, ఇది నీకు ముందే తెలుసా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆయన లెక్క తేలేలోపు పాట అయిపోయింది.

ప్రిన్సిపాల్ మర్యాదగానే ధన్యవాదాలు చెప్పాడు. అప్పుడు పెంటయ్య గబగబా నడిచి వెళ్ళి, ఒక్క పాట మళ్ళీ పాడించమని బతిమాలి, పియానోను రెండు చేతులా పైకెత్తాడు. వీరలక్ష్మి చెక్కను పట్టుకుని స్టాండు మీదికి జరిపింది. ఆమె మళ్ళీ వాయించగానే శబ్దం ముందుకు దూకింది. కానీ అప్పటికే గంట కొట్టారు. పిల్లలు వరుసలుగా తరగతులకు పోతున్నారు. ప్రిన్సిపాల్ గడియారం చూసుకుని, బుధవారం ఇంకొకరు వస్తున్నారనీ, కబురు చేస్తామనీ చెప్పి వెళ్ళిపోయాడు.

"కంపెనీది అమ్మా ఈ చెక్క," అన్నాడు పెంటయ్య. "దానితోనే వస్తది. ఇచ్చుడు మర్చిపోయిన."

వీరలక్ష్మి తన చేతివేళ్ళు చూసుకుంది. నాలుగు వేళ్ళకూ నల్లగా అంటుకుంది. ఇస్త్రీ చీర కుచ్చిళ్ళ మీద కూడా ఒక గీత పడింది.

"రంగు ఇంకా ఆరలేదు పెంటయ్య గారూ," అంది.

ఆమె కోపగించుకుని ఉంటే ఆయన దగ్గర జవాబులు ఉండేవి. ఇరవై ఏళ్ళుగా కోపం వచ్చినవాళ్ళకు జవాబు చెప్పుకుంటూనే వచ్చాడు. ఆమె వేళ్ళు విడివిడిగా చాచి, ఇంకెక్కడా అంటకుండా పట్టుకుని నిలబడింది. ఆ వేళ్ళను చూస్తూ ఉండలేక ఆయన మొత్తం చెప్పేశాడు. నర్సింహ వాపసు తెచ్చింది ఇదేనని చెప్పాడు. మూలకు ఎందుకు పెట్టాడో, షట్టరు ఎందుకు దించాడో చెప్పాడు. "తెల్సే ఇచ్చిన అమ్మా," అన్నాడు చివరికి.

"ఈ మాట నాతో కాదండీ, లోపలికెళ్ళి ప్రిన్సిపాల్‌ గారితో చెప్పండి," అంది ఆమె.

పెంటయ్య లోపలికి వెళ్ళాడు. టీచరమ్మ చేతిలో లోపం లేదు, నేను అమ్మిన సామానులో లోపం అన్నాడు. ప్రిన్సిపాల్ అంతా విని, బుధవారం ఆమెను కూడా మళ్ళీ రమ్మన్నాడు. మైకుల సంగతి ఆ రోజు ఎత్తలేదు. ఆ ఏడాది వార్షికోత్సవానికి మాత్రం సంగారెడ్డి నుంచి ఇంకెవరినో పిలిపించుకున్నాడు.

మంగళవారం సాయంత్రం వీరలక్ష్మి నల్లదాన్ని తెచ్చి ఇచ్చి, బూడిద రంగుది తీసుకుంది. పెంటయ్య దాన్ని దుకాణంలో వినిపించబోతే వద్దంది. వెనక ఉన్న ఖాళీ ప్లాటులో, తుమ్మ పొదల నడుమ, తానే స్టాండు వేసుకుంది. ఆయన్ను అటు చివర ప్రహరీ గోడ దాకా నడవమంది.

"వినిపిస్తే చెయ్యెత్తండి. వినిపించకపోతే ఎత్తకండి," అంది. "జాలిపడి ఎత్తారంటే మళ్ళీ అమ్మినట్టే."

ఆయన గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఆమె మొదలుపెట్టింది. రోడ్డు మీద లారీ పోతున్నది. సగం స్వరాలు దానిలో కలిసిపోయాయి. చెయ్యి దానంతటదే లేవబోయింది. ఆయన దాన్ని తొడకు అదిమి పట్టుకున్నాడు. లారీ దాటింది. అప్పుడు స్వరం స్వరం విడిగా, పీలగానే అయినా స్పష్టంగా, గోడ దాకా వచ్చింది. పెంటయ్య చెయ్యెత్తాడు.

వీరలక్ష్మి ఆ చేతిని చూసింది. వాయించడం ఆపింది. దుకాణం వెనక గుమ్మంలో నిలబడి ఉన్న శివమ్మ వైపు తిరిగి, "శివమ్మ గారూ, మీరు కూడా ఒకసారి అక్కడికెళ్ళి వింటారా?" అని అడిగింది.

ప్లాటు దాటి గోడ దగ్గరికి రావడానికి శివమ్మకు రెండు నిమిషాలు పట్టింది, మోకాళ్ళ నొప్పులు ఆమెకు. వచ్చి మొగుడి పక్కన నిలబడి, కొంగు తీసి చెవి వెనక్కి నెట్టుకుంది. ఆయన చెయ్యి ఇంకా పైనే ఉంది. దించడమా ఉంచడమా అన్నది ఆయనకు తోచలేదు.

"చెయ్యి దించు, గుంజుతది," అంది శివమ్మ మెల్లగా. "ఇగ నన్ను విననియ్యి."

పాట మళ్ళీ మొదలైంది. చివరిదాకా విని శివమ్మ చెయ్యెత్తింది. వీరలక్ష్మి తల ఊపి పియానో ఆపేసింది.

ఉద్యోగం ఆమెకే వచ్చింది. ఆ కబురు చెప్పడానికి దుకాణానికి వచ్చి, శివమ్మకు మిఠాయి ఇచ్చింది, పెంటయ్యకూ ఇచ్చింది. ఇప్పటికీ నెలకోసారి సెల్స్ కోసం వస్తుంది. అవి కొత్తవో, అరలో ముసలివైనవో శివమ్మనే అడుగుతుంది. పెంటయ్య అప్పుడు అరలు తుడుస్తూ ఉంటాడు. నల్ల పియానో అక్కడే ఉంది. ఎవరైనా దాన్ని అడిగితే, మూలన బండ బల్ల మీద పెట్టకుండా, స్టాండు మీద పెట్టి రోడ్డు మీదికి తెచ్చి వినిపిస్తాడు. ఇంతవరకు ఎవరూ కొనలేదు.