వంతెన కాపలావాడు ఎందుకు కుంటేవాడంటే

మా తారీఖుల బావ మీద నాకు కోపం ఉంది. ఎవరికి చెప్పుకున్నా నవ్వుతున్నారు కాబట్టి రాస్తున్నాను. బావ అంటే అక్క మొగుడు. పుట్టినవాళ్ళ పేర్లూ పోయినవాళ్ళ పేర్లూ రిజిస్టర్లో ఎక్కించే ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఎవరు ఏ రోజు పుట్టారో, ఏ రోజు పోయారో అడగకపోయినా చెబుతాడు. అందుకే ఆ పేరు. నా కొంప ముంచడానికి ఆయనకు ఒక్క ప్రశ్న సరిపోయింది. అడిగేసి, ఏమీ ఎరగనట్టు టీ చల్లార్చుకుంటూ కూర్చున్నాడు.

నా పని సీట్లు కుట్టడం. బస్సులవి, లారీలవి, అప్పుడప్పుడూ సోఫాలు. రెగ్జిను, స్పాంజి, వంకర సూది, చిన్న సుత్తి, అంతే నా ప్రపంచం. తొమ్మిదో తరగతిలో చదువు ఆగింది. ఆగింది అనే అంటాను ఎప్పుడూ. ఎలా ఆగిందో జనమే చెప్పుకుంటూ వచ్చారు. నాన్నకు జ్వరం పట్టుకున్న వారంలో బస్సు కంపెనీకి ఇరవై రెండు సీట్లు ఇవ్వాల్సి వచ్చిందట. లెక్కల పరీక్ష రోజు పొద్దున నేను పుస్తకాలు పక్కన పడేసి మిషను మీద కూర్చున్నానట. ఇక లేవలేదట. అలా తమ్ముడు చదువుకోగలిగాడట. ఈ కథ నేను అల్లలేదు. అల్లినవాళ్ళకు అడ్డు మాత్రం చెప్పలేదు. ఇంటికొచ్చిన లక్ష్మిని ఎవరు కాదంటారు?

తమ్ముడు కాలేజీలో పాఠాలు చెబుతాడు. ప్రతి ఏడూ మొదటి రోజున పిల్లలకు ఈ కథ చెప్పి, తర్వాత పాఠం మొదలుపెడతాడట. నాన్న పోయాక ఆయన కుట్టుషెడ్డు స్థలం పంచుకోవాల్సి వచ్చింది. వెనక భాగం ముగ్గురికీ సమానంగా వచ్చేస్తుంది. తకరారంతా రోడ్డు వైపు ముక్కతోనే. అది మూడు చేస్తే ఒక్కొక్కరికి షట్టరు వెడల్పు కూడా రాదు. ఎవరో ఒకరికి మొత్తం ఇవ్వాలి. తమ్ముడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అది అన్నయ్యది, నా చదువు ఖరీదు అన్నాడు. అక్క తల ఊపింది. సోమవారం కాగితాలు రాయించుకుందాం అనుకున్నాం.

నాకు ఆ ముక్క ఎంత అవసరమో చెప్పాలి. పాత షెడ్డు పడిపోయాక నేను పనిచేసేది అద్దె గదిలో. సందు చివర. అందులోకి లారీ రాదు. సీట్లు విప్పుకుని నెత్తిన పెట్టుకుని తెచ్చి, కుట్టి, మళ్ళీ నెత్తిన పెట్టుకుని వెళ్ళాలి. యాభై దాటిన మెడ అది. రోడ్డు మీద షాపు ఉంటే లారీ గుమ్మంలోనే ఆగుతుంది. షట్టరుకు ఏ రంగు వేయాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

ఆ సోమవారానికి ముందు రోజు ఆదివారం. ఆ ఆదివారమే తమ్ముడు అందరికీ సినిమా టిక్కెట్లు తెచ్చాడు.

నా చిన్నప్పుడు ఒక సినిమా వచ్చింది. వంతెన కాపలావాడి కథ. అతను కుంటుతూ నడుస్తాడు. ఎందుకు కుంటుతున్నావని సినిమా పొడుగునా నలుగురు అడుగుతారు. నలుగురికీ ఒకటే జవాబు: “వంతెన దాటాక చెబుతా.” చివరికి వంతెన కూలుతుంది, అతను దాటడు, చెప్పడు. హాల్లోంచి బయటికొచ్చి జనం కొట్టుకునేవాళ్ళు, ఆ కాలికి ఏమైందని. టీ కొట్లో, మంగలి షాపులో, ముప్పై ఆరేళ్ళుగా కొట్టుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం తెలుసు. వరదలో జనం దాటుతుంటే, తెగిపోతున్న గొలుసును తెల్లవార్లూ కాలితో తొక్కిపట్టి నిలబడ్డాడు. ఇది సినిమాలో ఎక్కడా లేదు. నేను అనుకున్నది. అయినా చూసినంత గట్టిగా నమ్మాను. నా సూది ఎదుట కూర్చున్న ప్రతి లారీ డ్రైవరుకూ చెప్పాను.

ఇప్పుడు దానికి ముందుకథ తీశారు. ప్రీక్వెల్ అంటారట. మా ఆవిడను రమ్మంటే, ఆ కుంటివాణ్ణి కాపురానికి వచ్చినప్పటినుంచీ భరిస్తున్నాను, వాడి బాల్యం కూడా నాకెందుకు అంది. తమ్ముడు, అక్క, బావ, నేను వెళ్ళాం. హాలు కొత్తది. సీట్లు మెత్తగానే ఉన్నాయి కానీ అంచు కుట్టు వదులు. సినిమా కంటే ముందు అది కనిపించింది నాకు.

మొదటి అరగంట పాత సినిమాలో అతను ఊదే ఈల ఎక్కడ కొన్నాడో చూపించారు. తర్వాత పావుగంట కంబళి ఎవరిచ్చారో. తర్వాత లాంతరు. ఒక్కో వస్తువు కనబడగానే వాయిద్యాలన్నీ ఒక్కసారి మోగించారు, మనం గుర్తుపట్టలేమేమో అన్నట్టు. ఒకడు అతని మెడ మీద కత్తి పెట్టాడు. నాకు ఆవలింత వచ్చింది. అతను చావడని, ఇంకా ఇరవై ఏళ్ళు బతికి వంతెన దగ్గర నిలబడాలని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇలాగే వదిలేస్తే రేపు ఆ వంతెన కట్టిన తాపీ మేస్త్రీ బాల్యం తీస్తారు.

చివరికి కాలు వచ్చింది. కుర్చీ అంచు మీదికి జరిగాను. అతను సైకిలు నేర్చుకుంటున్నాడు. పల్లంలో బ్రేకు పడలేదు. గోడకు కొట్టుకుని చీలమండ విరిగింది. అయిపోయింది. నా గొలుసు, నా వరద, నా తెల్లవార్లూ, అన్నీ ఒక సైకిలు బ్రేకు మింగేసింది.

ఇంటికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోతోంది. తమ్ముడి ముందుగదిలో కూర్చున్నాం. అక్క టీ పెట్టింది. నేను ఆగకుండా తిట్టాను. చెప్పకుండా వదిలినంత సేపే మనిషి పెద్దగా కనిపిస్తాడు, చీకట్లో నిలబెట్టినవాణ్ణి లాక్కొచ్చి దీపం కింద పెడితే మొటిమలే కనిపిస్తాయి అన్నాను. ఈ మాట తెగ బాగుందనిపించి రెండుసార్లు అన్నాను. అక్క తనకు సినిమా నచ్చిందంది. నిజం అలాగే ఉంటుంది, చాలా కాళ్ళు సైకిలు మీదినుంచి పడే విరుగుతాయి అంది. తమ్ముడు నవ్వాడు.

నేను అక్కడితో ఆపాల్సింది. టీ తాగి, మెత్తగా నవ్వి, సోమవారం దాకా నోరు మూసుకుని ఉంటే చాలు. కానీ నాకు సినిమా వాళ్ళ తప్పు పట్టుకోవాలి. చీలమండ ఎలా అవుతుంది, గాయం అరికాలికి కదా అన్నాను. పాత సినిమాలో ఒక చోట అతను వంతెన గోడ మీద కూర్చుని బూటు విప్పుతాడు, అరికాలికి అడ్డంగా పొడుగాటి మచ్చ ఉంటుంది, చూసుకుని మళ్ళీ బూటు వేసుకుంటాడు అన్నాను. మచ్చ గొలుసు కడియం మందాన ఉంటుంది, సైకిలు గోడకు కొట్టుకుంటే అరికాలు మీద మచ్చ పడుతుందా అని నిలదీశాను. ఎవర్ని నిలదీశానో నాకే తెలీదు, తీసినవాళ్ళు ఆ గదిలో లేరు.

బావ గ్లాసు పక్కన పెట్టాడు.

“అలాంటి సీను లేదు బావమరిదీ. నేను టీవీలో ఇరవై సార్లు చూశా. నువ్వు కలగని ఉంటావు.”

టీవీ వాళ్ళకు ఏం తెలుసు అన్నాను. సినిమా మొదట వచ్చినప్పుడు పదకొండు రోజులే ఆ సీను ఉంది, నిడివి ఎక్కువైందని పన్నెండో రోజు ఒకాయన పెట్టెతో వచ్చి కత్తిరించుకుపోయాడు, ఆ పదకొండు రోజుల్లో చూసినవాళ్ళకే తెలుసు అన్నాను.

“అప్పుడు నువ్వెక్కడ చూశావు? ఆ సినిమా విడుదలైంది ఎనిమిదో తారీఖు, శుక్రవారం. నువ్వు షెడ్డులో పనికి కుదిరాక, రెండోసారి వేసినప్పుడు కదా చూసింది?”

ఇదే ఆ ప్రశ్న. ఇప్పటికి నూటపది సార్లు దాన్ని తిప్పి చూసుకున్నాను. దానికి అవును బావా అంటే సరిపోయేది. ఆ రెండు మాటలు నోట రాకపోతే తల ఊపినా సరిపోయేది. కానీ మనిషి ముప్పై ఆరేళ్ళు దాచుకున్న గొప్పను, రెండోసారి వేసినప్పుడు చూశావులే అని తీసిపారేస్తే ఎవడు ఊరుకుంటాడు? రెండోసారి చూసినవాడితో నన్ను కలుపుతాడా?

“నేను మొదటి పదకొండు రోజులూ చూశాను. రోజూ పదిన్నర ఆట. పదకొండు ఆటలు.”

రుజువేమిటి అన్నాడు బావ. ఆయన ముప్పై ఏళ్ళు కాగితం లేకుండా చావును కూడా నమ్మని మనిషి.

“రుజువా? సోమవారం పరీక్ష అట్ట ఒళ్ళో పెట్టుకుని చూశాను. ఆ మచ్చ మర్చిపోతానేమోనని, చీకట్లోనే అట్ట వెనక ఆ కాలు బొమ్మ గీసుకున్నాను. లెక్కల పేపరు రోజు. ఇంక నోరెత్తకండి బావా.”

గెలిచాను. నిజం చెబుతున్నాను, ఒక గుక్క టీ తాగేంత సేపు గెలిచినట్టే అనిపించింది. బావ నోరెత్తలేదు. అప్పుడు తమ్ముడి మొహం చూశాను.

వాడు నా వైపు కాదు, నేల వైపు చూస్తున్నాడు. పాఠం మధ్యలో లెక్క తప్పిందని తెలిసిన మాస్టరులా ఉన్నాడు. చాలా నెమ్మదిగా అడిగాడు.

“మరి ఆ సీట్లు ఎవరు కుట్టారన్నయ్యా?”

నాన్నే కుట్టాడేమో, జ్వరం తగ్గిందేమో అన్నాను. ఆ వారమంతా పదిన్నరకు వెళ్ళి, ఆట వదిలాక అట్ట చంకన పెట్టుకుని ఇంటికొచ్చేవాణ్ణి, పరీక్ష రాసొచ్చినట్టు. ఫలితాలు వచ్చే లోపే ఇక చదవనని చెప్పేశాను. తప్పానని తెలిస్తే నాన్న చేతిలో చావాలి. చదవనంటే తమ్ముడి కోసం అనుకున్నారు. అనుకోనిచ్చాను. సీట్ల సంగతి నేనెప్పుడూ అడగలేదు. అడిగితే తెలుస్తుందని భయం. అంటే తెలుసన్నమాట.

అక్క ఖాళీ గ్లాసులు ఏరుకుంటోంది. తలెత్తకుండానే చెప్పింది.

“నాన్న కత్తిరించాడు, నేను కుట్టాను. ఇరవై రెండూ. చెయ్యి కుదిరింది, నీకిక బడెందుకన్నాడు.”

తమ్ముడు, ఎందుకు చెప్పలేదక్కా అన్నాడు. అక్క గ్లాసులు ఒకదానిలో ఒకటి పెట్టింది.

“నువ్వు ఆ కథ తలుచుకునే పరీక్షలు రాసేవాడివిరా. బాగా రాసేవాడివి. చెడగొట్టడం ఎందుకని.”

అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావ ఆమె వెనకాలే చూస్తూ ఉండిపోయాడు. పెళ్ళయి ముప్పై మూడేళ్ళు. ఈ ఒక్క తారీఖు ఆయన దగ్గర లేదు. నాకు ఆ స్థితిలో కూడా అది చూసి కొంచెం సంతోషం కలిగిందని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను.

తమ్ముడు అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే నేనూ అరవగలను, ఆ విద్య నాకు వచ్చు. వాడు అరవలేదు. స్థలం గురించి కాదన్నయ్యా, ఇప్పుడు పిల్లలకు మొదటి రోజు ఏం చెప్పాలి అని అడిగాడు. సినిమా గురించి చెప్పు అన్నాను. నా తెలివి అలాంటిది.

రాత్రి మా ఆవిడకు చెప్పాను. ఆమె దుప్పటి మడతపెడుతూ మొత్తం విన్నది. సినిమాలో సీను ఉంటే ఏం, లేకపోతే ఏం, నీకేమైనా వాటా ఇస్తారా అంది. ఇవ్వరు. ఆ సీను మాత్రం ఉంది.

సోమవారం అనుకున్న వేళకే కాగితాలు రాశారు. వెనక భాగం మూడు సమాన వాటాలు, అందులో మార్పు లేదు. రోడ్డు వైపు ముక్క అక్క పేరున రాయించాడు తమ్ముడు. అక్క వద్దంది. వాడు వినలేదు, ఇది నా చదువు ఖరీదు అన్నాడు, మొదట నాతో అన్న మాటే, తీసుకునే మనిషి మారాడు అంతే. కొలవడానికి టేపు రెండో కొస పట్టుకునే మనిషి లేకపోతే నేనే పట్టుకున్నాను. బావ అంకెలు పైకి చదివి, తారీఖు వేసి, నా చేత సాక్షి సంతకం పెట్టించాడు. వెడల్పు పన్నెండు అడుగులు, పొడవు ముప్పై ఆరు. సరిగ్గా నలభై ఎనిమిది గజాలు.