హామీకి ముందు ఊపిరి

మైకు స్విచ్చి వేసే ముందు ఆయన గొంతు సవరించుకుంటాడు, కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంటాడు, మైకుకున్న స్పాంజి తొడుగును వేలితో సర్దుతాడు. ఆ తొడుగు సరిగ్గానే ఉంటుంది. అయినా సర్దుతాడు. బస్టాండు పై అంతస్తులో, అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పడం ఆయన పని. అందరూ మైకాయన అంటారు. అసలు పేరు అడిగినవాళ్ళు లేరు.

"ప్రయాణికులకు మనవి..." అన్నాడు.

కింద బెంచీ మీద కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు వెంటనే అందుకున్నారు. "నిశ్చింతగా ఉండండి! ఇది నా హామీ!"

బెంచీ అంతా గొల్లున నవ్వింది. అద్దాల గదిలోకి నవ్వు వినపడదు. నోళ్ళు తెరుచుకోవడం మాత్రం కనపడుతుంది. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య, అదే వచ్చింది చిక్కు.

మనిషిని చూస్తే ఆ గొంతు ఆయనదంటే ఎవరూ ఒప్పుకోరు. పీలగా ఉంటాడు, భుజాలు జారిపోయి ఉంటాయి, చొక్కా కాలరు ఒక పక్క ఎప్పుడూ లేచి ఉంటుంది. కానీ నోరు తెరిస్తే నిండు బిందెలోంచి నీళ్ళు వంపినట్టు ఉంటుంది. భాష తిన్నగా పలకడం రాని ఒక పెద్ద హీరోకి ఏళ్ళ తరబడి ఈ గొంతే అరువు పోయింది. తెర మీద హీరో ఏడిస్తే హాలంతా ముక్కులు చీదేది. ఆ ఏడుపు ఏడ్చినాయన మాత్రం అప్పటికి ఇంట్లో చెయ్యి కడుక్కుని పడుకుని ఉండేవాడు. ఆయనకు అందులో బాధేమీ ఉండేది కాదు. పని పనే కదా!

తర్వాత ఇళ్ళు కట్టించే కంపెనీ ప్రకటన వచ్చింది. హీరో ఒక తెల్లటి మేడ ముందు నిలబడి, "నిశ్చింతగా ఉండండి. ఇది నా హామీ" అంటాడు. మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించాడు. జనం ఎగబడ్డారు. ఒక్క ఇటుకా పడకుండానే కంపెనీ బోర్డు తిప్పేసింది. యజమాని మొహం చాటేశాడు. మంత్రిగారు "పిలిస్తే వచ్చాను, కత్తెర ఇస్తే కత్తిరించాను" అని చేతులు దులుపుకున్నాడు. హీరో అయితే మరీ ఘనుడు. టీవీ వాళ్ళందరినీ పిలిచి, "నేను పెదవులు కదిపానంతే. ఆ గొంతే నాది కాదు" అన్నాడు.

అలా తప్పించుకోవడానికి తలా ఒక దారి దొరికింది, గొంతుకు తప్ప. సినిమా పని ఆగిపోయింది. బస్టాండు మిగిలింది.

లోకం నవ్వితే నవ్వనీ, దానికి ఆయన అలవాటు పడగలడు. అక్క సంగతే మింగుడు పడదు.

అమ్మ పోయాక చేతుల్లో పెట్టుకుని పెంచింది అక్క. బట్టలు కుట్టుకుని బతికేది. తమ్ముడు స్టూడియోకి వెళ్ళే ప్రతి ఉదయం వేణ్ణీళ్ళలో తేనె కలిపి ఫ్లాస్కులో పోసి ఇచ్చేది. ఆమెకు షుగరు. ఆ ఇంట్లోకి తేనె సీసా వచ్చేది ఆయన గొంతు కోసమే. కుట్టు కుట్టుకీ కూడబెట్టిందంతా ఆ తెల్లమేడలో పోసి, చివరికి చేతులు ఖాళీ చేసుకుంది.

"హీరోని చూసి కాదురా డబ్బు కట్టింది" అంది, కంపెనీ మునిగిన రోజు. "హామీ అనే ముందు చిన్నగా ఊపిరి తీసుకున్నావే, అది విని కట్టాను. చిన్నప్పుడు నిజం చెప్పే ముందు అలాగే ఆగేవాడివి నువ్వు. అబద్ధమైతే గబగబా చెప్పేసేవాడివి."

ఆ ప్రకటనకు గొంతిచ్చిన రోజు స్టూడియోలో డైరెక్టరు, "ఇంకాస్త నమ్మకం కావాలండీ" అన్నాడు. ఎక్కడ దొరుకుతుందా అని వెతికి వెతికి ఆ ఊపిరి తెచ్చి పెట్టాడు. "అదీ!" అని తొడ చరిచాడు డైరెక్టరు. ఎక్కణ్ణుంచి తెచ్చాడో ఆయనకే తెలియదు. ఆమెకు తెలుసు. ఆనాటి నుంచి అక్క ఫోను ఎత్తడం లేదు.

తలుపు తోసుకుని కంట్రోలర్ వచ్చాడు. చేతిలో టీ గ్లాసు. మంచి చెప్పడానికొచ్చినవాడు తనకొక్కడికే టీ తెచ్చుకోడు.

"రేపట్నుంచి మిషన్ మాట్లాడుతుందండీ."

"నేను తప్పేం చెప్పలేదు కదా."

"చెప్పలేదు, అదే కదా ఖర్మ! మొన్న ప్లాట్‌ఫారం మారిందని మీరంటే ఒక్కడు కదిలాడా? బస్సు ఖాళీగా పోయింది. పైవాళ్ళు నన్ను కడిగి ఆరేశారు." గ్లాసు వైపు చూస్తూ గొంతు తగ్గించాడు. "ఇంతకుముందు మిషన్ ఎవర్నీ ముంచలేదు చూడండి. దాని మాట వింటారు."

మైకాయన తలూపాడు. స్పాంజి తొడుగు సర్దాడు.

అప్పుడు కనిపించింది అక్క. మొహం కాదు, పాపిడి. పాత కర్టెను గుడ్డతో తనే కుట్టుకున్న సంచీ పక్కన పెట్టుకుని, సరిగ్గా అద్దాల గది కిందున్న బెంచీ మీద కూర్చుంది. ఒళ్ళో ఫ్లాస్కు. దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఎక్కడో దూరపు ఊళ్ళో హాస్టల్లో వంటపని దొరికిందనీ, ఉండటం తినడం అక్కడేననీ అక్క పక్కింటావిడ ముందే చెప్పింది. సాయంత్రంలోగా చేరకపోతే ఇంకో మనిషిని పెట్టుకుంటారట. ఆ ఊరికి రోజుకి ఒకటే బస్సు.

ఆ బస్సు ఆగే చోట ఎవరిదో లారీ నూనె కార్చింది. దాన్ని గోడ అవతల, చివరి ప్లాట్‌ఫారానికి పంపారు. ఆయన మైకులో చెప్పాడు. ఎవరూ కదల్లేదు. ఒకాయన పేపరు తిప్పుకున్నాడు.

మళ్ళీ చెప్పాడు. చివరి ప్లాట్‌ఫారం అనే ముందు ఊపిరి దానంతటదే ఆగింది. ఎవరూ అడగలేదు, ఏ డైరెక్టరూ లేడు.

అక్క తలెత్తింది. అద్దం వైపు చూసింది. ఎంతకాలానికో చూసింది! ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. ఆమె తల దించుకుని, ఫ్లాస్కు ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, అక్కడే కూర్చుంది.

మెట్లు దిగి పరుగున వచ్చాడు. ఆమె ఎదురుగా నిలబడ్డాడు, నోరు తెరిచాడు. ఏం చెప్పినా ఈ గొంతుతోనే కదా చెప్పాలి. నోరు మూసుకుని, సంచీ ఎత్తి భుజాన వేసుకుని నడిచాడు.

"ఒరేయ్! సంచీ ఇటివ్వరా! ఎక్కడికిరా?"

ఆయన ఆగలేదు. ఆమె తిట్టుకుంటూ వెంట వచ్చింది. ఆమె లేవడం చూసి పేపరాయన లేచాడు. ఆయన్ని చూసి ఇంకో నలుగురు లేచారు. గోడ అవతల బస్సు ఇంజను ఆడుతూ నిలబడి ఉంది.

సంచీ సీటు కింద పెట్టి దిగాడు. అక్క కిటికీలోంచి చూసింది.

"చిక్కిపోయావురా" అంది. కిటికీ దగ్గరికి వంగి, "మాట్లాడవేం?" అంది.

ఆయన చెయ్యి కిటికీ ఊచ మీద పెట్టాడు. ఏడుపు వచ్చేలా ఉంది. ఈ ఏడుపు తనదే. ఆమె ఆ చేతి మీద వేళ్ళు ఒక్కసారి ఆనించి తీసేసింది. బస్సు కదిలింది. అది మలుపు తిరిగాక కూడా నిలబడ్డాడు.

తిరిగి వస్తుంటే బెంచీ మీద ఫ్లాస్కు కనిపించింది. మర్చిపోయిందేమోనని చేతిలోకి తీసుకుని గేటు దాకా పరుగెత్తాడు. బస్సెప్పుడో పోయింది. మెట్లెక్కి గదిలోకి వచ్చి, ఫ్లాస్కును మైకు పక్కన పెట్టి మూత తిప్పాడు. సన్నటి ఆవిరి లేచింది, అందులో తేనె వాసన.