నాలుగు తీగల ఉద్వాసన

వినబడితేనే నొక్కండి సర్ అంటోంది, అంటే వినబడకుండానే నొక్కే ఘనులు కూడా ఉంటారనే కదా చెవుల పరీక్ష చేసే ఈ అమ్మాయి మాటకు అంతరార్థం, ఉంటారు, ఎందుకుండరు, తూనికలు కొలతల శాఖలో ఇరవై ఆరేళ్లుగా వెలుగుతూ, తక్కెడ పళ్లెం అడుగున మైనం ముద్ద అంటించిన వర్తక శిఖామణులను వందలమందిని పట్టుకున్న నాకు తెలియదా, తూకం దగ్గరకొచ్చేసరికి మనిషి చెయ్యి ఊరుకోదని, అయితే ఈ పూట గాజు కిటికీ పెట్టిన ఈ చెక్కగదిలో, చెవులకు రెండు దొప్పలు తగిలించుకుని, తీగ చివర బొత్తాం పట్టుకుని, సింహాసనం మీద కొత్తగా కూర్చున్నవాడిలా బిగుసుకుపోయిన మహాపురుషుణ్ణి నేనే, ఏమీ వినబడకుండానే రెండుసార్లు నొక్కినవాణ్ణీ నేనే, కిటికీ అవతల ఆ అమ్మాయి తలెత్తి ఒక్కసారి చూసి, మళ్లీ కాగితం మీదికి వంగింది, నన్ను సిగ్గుపడనివ్వకూడదన్న ఆ మర్యాదే నన్ను మరీ సిగ్గుపరుస్తోంది, ఇప్పుడు ఏదో మోగుతూ ఉండి ఉంటుంది, నాకు మాత్రం నా మింగుడు చప్పుడు, వాచీ కింద నాడి, గోడలకు కొట్టిన చిల్లుల అట్ట, ఇంకేమీ లేవు, పిలిస్తే పలకరు, మీకు వినబడదా, వినదలచుకోలేదా, రెండిట్లో ఏదో ఒకటి కాగితం మీద రాయించుకు రండి అని మా ఆవిడ పొద్దున్నే పంపింది, ముప్ఫై ఏళ్ల సంసారంలో ఇంత స్పష్టమైన ప్రశ్న ఆవిడ వేయలేదు, నేను ఇంత భయపడుతూ జవాబు కోసం రాలేదు.

అదిగో, ఇది వినబడింది, దీన్ని ఊహించుకోనక్కర్లేదు, లోతుగా, గుండ్రంగా, కొంచెం బొంగురుగా, నొక్కాను, మళ్లీ ఇంకొంచెం చిన్నగా, నొక్కాను, ఎంత తగ్గించినా వినబడుతూనే ఉంది, ఇలాంటిదే, దీనికన్నా కిందిది, నా నాలుగో తీగ, బొటనవేలంత లావు, దాన్ని మీటితే ముందు కడుపులో వినబడి ఆ తర్వాత చెవిలో వినబడేది, నా మొదటి బేస్ గిటారు, లోతు స్వరాలకే చేసిన పెద్ద చెక్కపొట్ట వాద్యం, మొదటిదని గొప్పగా అంటాను గాని రెండోదంటూ ఎన్నడూ లేదు, చక్రవర్తులు తమ మొదటి దండయాత్ర అన్నట్టు అంటాను, వాద్య ప్రపంచంలో దానిది ఇంటి పునాది హోదా, దాని మీద నిలబడ్డ మేడను అందరూ మెచ్చుకుంటారు, దాన్ని చూడాలంటే మేడ కూలాలి, ఈ వాక్యం కూడా నేను విందుల్లో వాడేదే, పై అధికారి పదవీ విరమణ సభలో వాడాను, జనం నవ్వాక అసలు కథలోకి దిగాను, మా నాన్నగారు సాక్షాత్తు అగ్నిపర్వతమనీ, ఆ మోతకు నా తల పగిలిపోతోంది, దాన్ని బయటికి పంపుతావా, నన్ను వెళ్లిపొమ్మంటావా అని గర్జించారనీ, నేను కన్నీటితో ఆ వాద్యరాజానికి ఉద్వాసన చెప్పి తూనికరాళ్ల మధ్య అజ్ఞాతవాసానికి వచ్చాననీ, లోకం ఒక మహా కళాకారుణ్ణి అలా పోగొట్టుకుందనీ, గర్జన దగ్గర గొంతు మార్చి మరీ చెబుతాను, అందరూ పడిపడి నవ్వుతారు, మా ఆవిడకూ తెలిసిన కథ ఇదే, పాపం మావయ్యగారు మరీ అంత కోపిష్టివారా అని ఒకసారి అడిగింది, ఆ రోజుల్లో అలాగే ఉండేవారులే అన్నాను, తప్పుడు రాయి మీద నేనే ప్రభుత్వ ముద్ర గుద్దినట్టు.

నాన్న ఎన్నడూ గర్జించలేదు, గట్టిగా మాట్లాడేవాడు, అంతే, తన గొంతు తనకు వినబడనివాడు ఇంకెలా మాట్లాడతాడు, ఇనప నీళ్ల ట్యాంకులు కట్టే షెడ్డులో ఆయన పని, ట్యాంకు లోపల గొంతుక్కూర్చుని రేకులో దూర్చిన మేకుకు ఎదురుగా ఒక దిమ్మె అదిమిపట్టి ఉంచడం, బయట ఇద్దరు సుత్తెలతో వంతులవారీగా కొడతారు, లోపలి మనిషి కదలకూడదు, ఇరవై రెండేళ్లు కదలలేదు, సన్నని చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే ఆయన్ని వదిలేశాయి, ముందు పిట్టలు, తర్వాత గుమ్మం గంట, తర్వాత అక్క నవ్వు, ఆ తర్వాత అమ్మ పిలుపు, ఆవిడ పక్కకొచ్చి భుజం తట్టి పెదవులతో చెప్పేది, వీధిలో లారీ వెళ్తే మాత్రం తలతిప్పేవాడు, ఉరిమితే కిటికీ వేసేవాడు, నేను ముందుగదిలో వాయిస్తుంటే వెనకగదిలోంచి కుర్చీ ఎత్తుకొచ్చి గుమ్మంలో వేసుకుని కూర్చునేవాడు, ఈ వాక్యం విందుల్లో ఎన్నడూ రాలేదు, దీనికి నవ్వెక్కడ.

మా బృందం త్రిమూర్త్యాత్మకం, డప్పులవాణ్ణి డబ్బా అనేవాళ్లం, గిటారు వాయిస్తూ పాడేవాణ్ణి కోకిల అనేవాళ్లం, నన్ను గుమ్మడి అనేవాళ్లు, మా దిగ్విజయ యాత్ర మొత్తం ఒక కుట్టుమిషన్ల కంపెనీ వార్షికోత్సవంలో మొదలై అక్కడే ముగిసింది, అరవై కుర్చీల హాలు, సాయంత్రం ఆరు గంటలు, మొదటి వరసలో నాన్న, ఇస్త్రీ చొక్కా, మోకాళ్ల మీద రెండు అరచేతులు, నాలుగు పాటలయ్యాక అందరూ చప్పట్లు కొట్టి లేస్తుండగా వేదిక పక్కకొచ్చి, గుసగుస అనుకుని, హాలు చివరి కుర్చీకి వినబడేలా, మిగతావాళ్లు ఊరికే నిలబడ్డారేంరా, నువ్వొక్కడివే వాయించావు, ఆ డబ్బాలబ్బాయి కాస్త సాయం చేశాడనుకో, ఆ సన్నగా ఉన్నవాడు మాత్రం నోరు తెరవడం, మూయడం, తప్పు కదరా, డబ్బులు తీసుకుని అలా చేయొచ్చా అన్నాడు, హాలంతా నవ్వింది, కంపెనీ మేనేజరు నవ్వాడు, కుర్చీలు సర్దుతున్న ఆడపిల్లలు ఒకరి భుజం మీద ఒకరు వాలి నవ్వారు, కోకిల గిటారు మీద వంగిపోయి నవ్వాడు, నేనూ నవ్వాను, అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను, అందరూ నవ్వుతున్నారు గనక నాన్న కూడా నవ్వాడు, ఏదో మంచి మాటే అన్నాననుకుని, నా భుజం తట్టి, ఇంకోసారి ఎప్పుడురా అని అడిగాడు.

ఇంకోసారి లేకుండా చేయాలన్నది అక్కడే పుట్టిన ఆలోచన, కోకిల ఆ తర్వాత నెలల తరబడి నన్ను చూడగానే, నువ్వొక్కడివే వాయించావు గురూ, మేం ఊరికే నిలబడ్డాం అనేవాడు, ఎంత చిన్న మాటకు ఎంత పెద్ద నిర్ణయం, రాజ్యాలు ఇంతకన్నా చిన్నవాటికే పోయాయిలే అని నాకు నేను చెప్పుకున్నాను, ఒక హోటల్లో వాయించే ఆయనకు బేస్ కావాలట, తన దగ్గర ఆరు తీగల గిటారు అదనంగా ఉందట, దానికీ దీనికీ మార్పిడి, మధ్యాహ్నం ఇంటికొచ్చాడు, ముందుగదిలో కూర్చుని నా దాన్ని ఒళ్లోకి తీసుకుని వాయించాడు, నేను రెండేళ్లలో దానిలోంచి తీయలేకపోయినవన్నీ రెండు నిమిషాల్లో తీశాడు, నాన్నకు ఆ రోజు సెలవు, కుర్చీ ఎత్తుకుని వచ్చేశాడు, కొత్త మనిషిని చూసి ఆగి, ఈయనెవర్రా అన్నాడు, రిపేరు చేసేవాడు నాన్నా, పట్టుకెళ్లి బాగుచేసి తెస్తాడు, అందాకా ఈ చిన్నది ఇచ్చి వెళ్తున్నాడు అన్నాను, పెదవులు బాగా కదిపి, విడివిడిగా చెప్పాను, నా పెదవులు చదవడం ఆయనకు బాగా వచ్చు, అబద్ధాన్ని కూడా అక్షరం పొల్లుపోకుండా చదివాడు, హోటలాయన దాన్ని గోనెసంచిలో చుట్టుకుని లేస్తుంటే తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు, దాని మెడ గుమ్మానికి తగలకుండా చూసుకోండి బాబూ అన్నాడు, తొందరగా తెచ్చివ్వండి, అది లేకపోతే ఇంట్లో అలికిడుండదు.

డబ్బాకూ కోకిలకూ వేరే కారణం చెప్పాలి కదా, మా నాన్నకు ఆ మోత పడట్లేదు, తలనొప్పి, చిన్న గిటారైతే పరవాలేదన్నాడు అని చెప్పాను, ఉన్న నిజాన్ని సరిగ్గా తలకిందులు చేసి నిలబెట్టాను, దొంగతూకంలో కూడా కొంత నేర్పుంటుంది, ఇంత మోటు పని మా శాఖ చరిత్రలో ఎవడూ చేయలేదు, కోకిల నమ్మాడు, వాడికి కావలసింది వాడు నమ్మాడు, డబ్బా మాత్రం, వినబడనాయనకి తలనొప్పేమిట్రా అని నా మొహంలోకి చూసి, ఆదివారం పొద్దున నేరుగా ఇంటికే వచ్చాడు, నాన్న పెరట్లో కుళాయికి వాషరు మార్చి బిగిస్తున్నాడు, వాడు ఎదురుగా గొంతుక్కూర్చుని, నోరు పెద్దగా చేసి, బాబాయ్, బేస్ చప్పుడు మీకు పడదటగా, మీరే ఇచ్చేయమన్నారటగా అని అడిగాడు, నేను తలుపు దగ్గర ఉన్నాను, పారిపోవచ్చు, పారిపోలేదు, అది ధైర్యం కాదు, తలుపు గొళ్లెం పట్టుకుని ఉండిపోయాను, నాన్న వాడి పెదవులు చూశాడు, తర్వాత నన్ను చూశాడు, ఆ చూపు ఎంతసేపో చెప్పే కొలబద్ద నా దగ్గర లేదు, అది ఇక తిరిగి రాదనీ, వచ్చినవాడు రిపేరువాడు కాదనీ, తన పేరుతో నేనేం చెప్పుకున్నానో కూడా, అన్నీ ఆ చూపులోనే ఆయనకు తెలిశాయి, వాడివైపు తిరిగి, అవును బాబూ, తలనొప్పిగా ఉంటోంది, నేనే ఇచ్చేయమన్నాను, వాణ్ణేమీ అనకండి అన్నాడు, ఎప్పటిలా గట్టిగానే అన్నాడు, పక్కింటివాళ్లకు కూడా వినబడింది, తర్వాత పానా తీసుకుని అప్పటికే బిగిసిన కుళాయిని మళ్లీ బిగించాడు.

నన్నేమీ అడగలేదు, ఆ రోజూ అడగలేదు, పోయేదాకా అడగలేదు, నా పెళ్లికి ముందే పోయాడు, కుర్చీ మాత్రం కొన్నాళ్లు గుమ్మంలోకి వస్తూనే ఉండేది, నేను ఆరు తీగలదాన్ని టింగుటింగుమనిపిస్తుంటే ఎదురుగా కూర్చుని తల ఊపేవాడు, తాళం తప్పకుండా ఊపేవాడు, ఎలా ఊపుతున్నాడా అని ఒక రోజు, ఇది చెప్పుకోవడానికి కూడా లేదు, తీగల మీద అరచెయ్యి ఆనించి అసలు మోగకుండా చేసి, పాదం మాత్రం నేలకు తాటిస్తూ ఉన్నాను, ఆయన నా పాదం చూస్తూ తల ఊపుతూనే ఉన్నాడు, బాగుందిరా అన్నాడు, అప్పటికి ఉద్యోగం రాలేదు గాని నా మొదటి తనిఖీ అదే, దాని మీద నివేదిక ఎవరికీ సమర్పించలేదు.

తలుపు తెరిచింది ఈ అమ్మాయి, దొప్పలు తీసేయండి సర్ అంటోంది, కాగితం మీద గీత చూపిస్తోంది, సగందాకా బల్లలా చదునుగా వచ్చి అక్కణ్ణుంచి లోయలోకి జారిపోయింది, ఈ సన్నటివే తగ్గాయి సర్, ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు కాస్త కష్టం, మేడమ్‌గారు పిలిస్తే వినబడకపోవడం నిజమేనని చెప్పొచ్చు మీరు అని నవ్వింది, లోతు శబ్దాలు మాత్రం చాలా బాగున్నాయి, ఏ చప్పుడు వినబడిందో అదే ఉందనుకుంటాం, వినబడనిది లేదనుకుంటాం, చాలామంది టీవీ పాడైందని దుకాణానికి పట్టుకెళ్తారు సర్ అంటోంది, నేను తల ఊపుతున్నాను, పాడైందని, పాడైపోయిందని, ఆ మాట నాన్నది, కుళాయి బిగించిన రోజుది కాదు, అంతకు రెండేళ్ల ముందుది, ఒక క్లబ్బు మూతపడితే దాని మేడ మీది ట్యాంకు విప్పడానికి వెళ్లాడు, సామాన్ల గదిలో ఏది కావాలన్నా తీసుకోమన్నారట, నేను చాలాకాలంగా గిటారు గిటారని వేధిస్తున్నాను, సాయంత్రం భుజాన మోసుకొచ్చి ముందుగదిలో నిలబెట్టాడు, నాలుగే తీగలు చూసి నా మొహం మాడిపోయింది, ఇది గిటారు కాదు నాన్నా అన్నాను, నొచ్చుకోలేదు, అక్కడ ఇంకోటి కూడా ఉందిరా, ఆరు తీగలది, కొత్తది, తళతళలాడుతోంది, ముందు దాన్నే తీశాను, మీటి చూశాను, పాడైపోయింది పాపం, ఎంత మీటినా మోగలేదు, ఇది మోగింది, అందుకే ఇది తెచ్చాను అన్నాడు, అమ్మ మొహం పక్కకు తిప్పుకుంది, నాకు పదిహేడేళ్లు, విషయం అర్థం కావడానికి ఆ వయసు చాలు, అర్థమైంది కూడా, అయినా అది పాడవలేదని చెప్పలేదు, తీగ మీటాను, ఆయన కళ్లు పెద్దవయ్యాయి, మళ్లీ మీటరా అన్నాడు, విందుల్లో చెప్పే కథలో నాన్న దోషి, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పుకునే కథలో నేను నాన్నకు ఏది వినబడుతుందో తెలియని కుర్రాణ్ణి, ఆ రెండో కథను ఇన్నాళ్లూ నిజమనుకుని దాని మీదే సిగ్గుపడుతూ వచ్చాను, అది కూడా తేలిక రాయే, నాకు తెలుసు, మొదటి రోజు నుంచే తెలుసు, ఇంత పెద్ద లోకంలో ఆయనకు వినబడేది నేనొక్కణ్ణేనని తెలిసే, ఆయనకు వినబడకుండా పోయాను.