ముప్పై నాలుగో నొక్కు

కృష్ణానగర్‌లో కిరాయి గది ముందు డాబా మీద కూర్చుని నవత రెండు నెలలు కష్టపడి చేసిన గడియారం, మొదటిసారి వెలిగినప్పుడు పొద్దున తొమ్మిదింటికి మూడున్నర చూపించింది. వాళ్లమ్మ కొమురమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. పాపం, తప్పు గడియారానిది కాదు. ఉపగ్రహాలు రేడియోలో పంపే టైము పట్టుకుని తనంతట తానే సరిచేసుకునే యంత్రం అది. పైనుంచి వచ్చేది మాత్రం మనకంటే అయిదున్నర గంటలు వెనకుండే గ్రీనిచ్ టైము. అందుకని నవత దాని వెనకాల ఓ బటన్ బిగించింది. ఒక్కసారి నొక్కితే పది నిమిషాలు ముందుకి. ముప్పై మూడు నొక్కులకి మన టైము వచ్చేసింది. ఆపైన వారం రోజులు చూసింది, సెకను తేడా లేదు.

నవత ఫిల్మ్‌నగర్‌లో ఓ స్టూడియోలో సౌండ్ అసిస్టెంటు. కొత్త సినిమా ముహూర్తం తొమ్మిదీ పద్దెనిమిదికి. ఈ గడియారంతో క్లాప్ సరిగ్గా పడితే గోడమీదే ఉంచుతానని, లేకపోతే సాయంత్రం ఇంటికి పట్టుకుపొమ్మని మేనేజరు బసవపున్నయ్యగారు ముందే చెప్పేశారు. రెండు నెలల కష్టమూ ఒక్క మేకుకి వేలాడుతోంది.

ముహూర్తం రోజు పొద్దున పాత గడియారం దిగింది, కొత్తది ఎక్కింది. లీకుల భయంతో ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టించారు. తొమ్మిదీ పదయింది. హీరో మేకప్ కుర్చీలోంచి లేవలేదు, డైరెక్టరు ఇడ్లీ ప్లేటు వదల్లేదు. అందరూ గడియారం చూస్తున్నారు, మళ్లీ కబుర్లలో పడుతున్నారు. నవతకి ఒళ్లు మండి, లైట్‌మన్ పృథ్వీరాజ్‌ని నిలదీసింది.

"ఇంకా తొమ్మిదే గదక్కా. గా గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ఫాస్టే. అందరికీ ఎరికే," అన్నాడతను తాపీగా.

ఎప్పుడూ సౌండ్ రూమ్‌లోనే ఉండే నవతకి ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. ఆర్టిస్టులు వేళకి రావాలని మేనేజరుగారు పన్నెండేళ్లుగా గడియారం ముందుకి జరిపిపెడితే, జనం పది తీసేసి చూడటానికి అలవాటుపడిపోయారు. ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ తిరిగే వ్యవధి లేదు. స్టూలెక్కింది. ఏడుపొచ్చినంత పనైంది, అయినా ముప్పై నాలుగోసారి నొక్కేసింది. తొమ్మిదీ పది కాస్తా తొమ్మిదీ ఇరవై అయింది.

మరుక్షణం ఫ్లోరంతా కాళ్లకి చక్రాలు కట్టుకుంది. ఇడ్లీ ప్లేటు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. గోడమీద ఎంతున్నా, అసలు టైము సరిగ్గా తొమ్మిదీ పద్దెనిమిదికి క్లాప్ పడింది.

అప్పటిదాకా గేటు దగ్గరే ఉన్న బసవపున్నయ్యగారు లోపలికొచ్చి, చేతి వాచీనీ, గోడ గడియారాన్నీ మార్చి మార్చి చూశారు. నవత దాచకుండా అంతా చెప్పేసింది. ఆయన కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు.

"నేను జరిపితే ఓరోజు ఎనిమిది నిమిషాలు ఫాస్టయ్యేది, ఓరోజు పన్నెండయ్యేది. ఇకనుంచి పదంటే పదే. ఉంచెయ్యమ్మా."

నవత సుత్తి అడిగి తెచ్చుకుని, ఆ మేకుని ఇంకో రెండు దెబ్బలు గట్టిగా దిగ్గొట్టింది.