పాలు పొంగుతున్నాయి

లాండ్రీ గుమ్మంలో అడుగు పెట్టగానే మాడిన ఉన్ని కంపు ముసలాయన ముక్కుకి కొట్టింది. యజమాని పూసుకున్న సెంటు దానికన్నా అన్యాయంగా ఉంది.

బల్ల మీద నల్ల కోటు. వీపున ఇస్త్రీపెట్టె ఆకారంలో చిల్లు.

"ఇది మాడుతుంటే మీ అమ్మాయి పక్కనే ఉంది పెద్దాయనా. ఒక్క ముక్క చెప్పలేదు. రేపట్నుంచి పంపకండి," అన్నాడు యజమాని, దానం చేస్తున్నట్టు మొహం పెట్టి.

కూతురు మూలన దుప్పట్లు మడతపెడుతోంది. ముప్పై దాటిన మనిషి. ఎవరి మొహమూ చూడదు. సొంతంగా మాట కూర్చదు. ఎప్పుడో విన్న మాటని విన్న గొంతుతోనే అప్పజెబుతుంది. ఎక్కువగా చనిపోయిన తల్లి మాటలే. ఈ పని దొరికాక రోజూ తండ్రికన్నా ముందే లేచి, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడుతోంది.

"నిజంగా ఏమీ అనలేదా?" అన్నాడు ముసలాయన.

ఇస్త్రీ చేసే మీసాలవాడు కిసుక్కుమన్నాడు. "అనకేం! నేను ఫోన్లో ఉంటే పరిగెత్తుకొచ్చి 'పాలు పొంగుతున్నాయి, పాలు పొంగుతున్నాయి' అని ఒకటే అరుపు. కాఫీ కూడా పెడతావా తల్లీ అన్నా. అందరం పడీ పడీ నవ్వాం."

ముసలాయన యజమాని వైపు తిరిగాడు.

"పొయ్యి మీద పాలు పొంగితే వాళ్ళమ్మ అలాగే అరిచేది. అప్పట్నుంచి దీనికి ఏం మాడినా, ఎవడు కింద పడబోయినా అదే మాట. చేర్చిన రోజే నీకు చెప్పాను. తలూపావు. ఇంతమందిలో మాడు వాసన పట్టింది ఇదొక్కతే. అరిచి చెప్పింది. మీరు నవ్వుకుంటూ కూర్చున్నారు."

యజమాని కోటు తిరగేశాడు. "సరే, రానివ్వండి. కాస్త మామూలుగా మాట్లాడటం నేర్పండి."

"మరి ఆ ఫోనువాణ్ణి ఏమన్నావు?"

"వాడు... మా బావమరిదండీ."

ముసలాయన ఇక ఆ మొహం చూడలేకపోయాడు. "పద తల్లీ. ఈ పెంటలో నీకు పనేంటి?"

ఆమె కదల్లేదు. దుప్పటి అంచుకి అంచు కలిపి, అరచేత్తో సాపు చేసింది. తర్వాత తల్లి గొంతుతో, అలసటగా, మెత్తగా అంది.

"ఇంకా పని ఉంది. నువ్వెళ్ళి పడుకో."

పట్టపగలు. మీసాలవాడు మళ్ళీ నవ్వబోయి, ముసలాయన చూపు తగిలి మూతి ముడుచుకున్నాడు.

భార్య ఆ మాట అన్నాక ఆవిణ్ణి పనిమీంచి లేపడం ఆయన వల్ల ఏనాడూ కాలేదు. ఇప్పుడూ కాలేదు.

గుమ్మం దిగి, యజమాని చూస్తుండగానే మెట్టు పక్కన ఉమ్మేశాడు. సాయంత్రం కూతుర్ని తీసుకెళ్ళడానికి మళ్ళీ ఈ కంపులోకే రావాలి.