అరవైకి నలభై తొమ్మిది

నేను ఒక కాగితాన్ని. ప్రస్తుతం నా కుడి మూల అంకమ్మరావు మాస్టారి చేతిలో ఉంది, ఎడమ మూల ఆయన భార్య కోటిరత్నం చేతిలో ఉంది. ఆదివారం పొద్దున వేసిన పెసరట్లు నా పక్కనే చల్లారిపోతున్నాయి. నా మీద ఉన్న ఏడో ప్రశ్న గురించి ఈ భార్యాభర్తలు అరగంట నుంచి వాదించుకుంటున్నారు.

ఆ ప్రశ్న ఇది: ఆటకు ముందు నీకు కడుపులో తిప్పినట్టు ఉంటుందా?

"ఎప్పుడూ లేదు అని పెట్టండి. మన పిల్లకేం రోగం?" అంది కోటిరత్నం.

"అన్నిటికీ ఎప్పుడూ లేదు అని పెడితే కాపీ కొట్టినట్టు దొరికిపోద్ది రత్నం. ఇరవై రెండేళ్ల నుంచి టెన్త్ పేపర్లు దిద్దుతున్నా. ఒక్కదానికన్నా 'కొద్దిగా' అని ఉండాల."

"మీ కొద్దిగా పుణ్యాన పిల్లను టీములోంచి తీసేస్తేనో?"

ఆ కడుపు ఎవరిదో ఆ పిల్ల, పదహారేళ్ల పూజిత, వంటింట్లో అట్టు తిరగేస్తోంది. ఆమెను ఒక్క మాట అడుగుదామని ఇద్దరికీ తోచలేదు.

నా పుట్టుక గురించి కూడా చెప్పాలి. చీరాలలో పూజిత చదివే బడికి డైసీరాణి అనే వ్యాయామ టీచరు ఉన్నారు. అమ్మాయిల కబడ్డీ జట్టు ఆవిడ చేతుల మీద నడుస్తుంది. ఆటగాళ్ల ఆందోళనను కొలవడం ఎలా అని ఎక్కడో రెండు రోజులు శిక్షణ ఇస్తే వెళ్లి, పదిహేను ప్రశ్నలు పట్టుకొచ్చి తెలుగులో రాసుకున్నారు. ప్రతి ప్రశ్నకూ నాలుగు గళ్లు. 'ఎప్పుడూ లేదు' అంటే ఒకటి, 'కొద్దిగా' అంటే రెండు, 'బాగా' అంటే మూడు, 'విపరీతంగా' అంటే నాలుగు. అలా స్టేషన్ రోడ్డులోని జిరాక్స్ షాపులో వేడివేడిగా పుట్టాను, పదకొండుమంది తోబుట్టువులతో. జ్వరానికి థర్మామీటరు ఎలాగో భయానికి నేను అలాగన్నమాట. కాకపోతే థర్మామీటరును నోట్లో పెట్టుకున్నాక ఎవరూ దానికి నచ్చజెప్పబోరు.

"ఇందులో ఒప్పూ తప్పూ ఏం లేవమ్మా. ఎవరికెంత భయమో తెలిస్తే ఎవర్నెట్టా ఆడించాలో నాకు తెలుస్తది. నిజం రాసి సోమవారం తెండి," అన్నారు మేడం మమ్మల్ని పంచుతూ. మంచి మనిషే. కానీ ఒక ప్రశ్నాపత్రాన్ని ఇంటికి పంపితే మన ఇళ్లల్లో ఏం జరుగుతుందో ఆవిడ ఆలోచించలేదు.

పూజిత బడి మెట్ల మీద కూర్చుని పది నిమిషాల్లో పెన్సిలుతో నన్ను నింపేసింది. ఆ చెయ్యి ఎక్కడా ఆగలేదు. తొమ్మిది చోట్ల 'విపరీతంగా'.

నిన్న సాయంత్రం మాస్టారు ఏదో వెతుకుతుంటే ఆమె సంచీలో దొరికాను. ఆయనకు ఏ కాగితం దొరికినా ముందు మార్కులు కూడటం, తర్వాత చదవడం అలవాటు. "అరవైకి నలభై తొమ్మిది! ఎనభై రెండు శాతం!" అని కేక పెట్టారు. పూజితకు లెక్కల్లో ఏనాడూ అన్ని రాలేదు. వెంటనే బావమరిదికి ఫోన్ చేసి చెప్పారు. కోటిరత్నం సేమ్యా పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టింది. ఆ తర్వాత ఆయన ప్రశ్నలు చదివారు.

బావమరిదికి మళ్లీ ఫోన్ వెళ్లింది. "అబ్బే, అది వేరే సబ్జెక్టులే," అని పెట్టేశారు.

ఇక రబ్బరు వచ్చింది. నన్ను ఎంత రుద్దారంటే ఏడో ప్రశ్న దగ్గర నేను నీరుల్లి పొర అంత పల్చబడ్డాను. పొద్దున్నే లేచి, పెన్సిలు చెక్కుకుని, పద్నాలుగు ప్రశ్నలకు 'ఎప్పుడూ లేదు' అని ఆయనే టిక్కులు పెట్టారు. తన లెక్క ప్రకారం ఎంత తక్కువొస్తే అంత గొప్ప. తీరా చూస్తే ఎంత ధైర్యవంతులకైనా పదిహేను తప్పదు. "సున్నా రావాలంటే ఏం రాయాలబ్బా?" అని కాసేపు మథనపడ్డారు.

ఏడో ప్రశ్న ఎటూ తేలకపోవడంతో మధ్యవర్తిగా మాస్టారి తల్లి నాంచారమ్మగారు మంచం మీంచి లేచి వచ్చింది. నన్ను మొదట్నుంచీ పైకి చదవమంది.

"గుండె దడదడలాడుతుందా?" చదివారు మాస్టారు.

"నాకా? పెళ్లిచూపులప్పుడు ఆడింది. మీ నాయన లడ్డు పట్టుకుని వణకతా కూర్చున్నాడు. ఆయన్ని చూశాక నాది తగ్గింది."

"నీకు కాదమ్మా, పిల్లకి!"

"నీ సంగతేంది అబ్బయా? ఇన్‌స్పెక్షనంటే నాలుగుసార్లు దొడ్లోకి పోతావు గదా. నీకెన్నొస్తాయి ఇందులో?"

కోటిరత్నం పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారి వేళ్ల చెమటతో నా మూల తడిసింది. నేను కొలిచే కాగితాన్ని కదా, నాకు తెలిసిపోయింది. యాభై మూడు.

ఈ ఇంట్లో నాకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. కబడ్డీలో ఒక్కతే ఊపిరి బిగబట్టి, కూత పెడుతూ ఎదుటి గడిలోకి వెళ్లాలి. కూత ఆగితే ఔట్. పోయిన నెల ఒంగోలులో పూజిత మొదటి కూతకు వెళ్లి, మూడో 'కబడ్డీ' దగ్గరే కూత ఆగిపోయి నిలబడిపోయింది. ఆటకు ముందు స్టేడియం వెనక వాంతి చేసుకుంది. ఇంట్లోనూ, మేడంతోనూ గొంతు నొప్పి అని చెప్పింది. నాకు మాత్రం నిజం చెప్పింది. ఇప్పుడు మాస్టారు వేసిన పదిహేనో పదహారో మార్కులతో నేను వెళితే, ఇంత ధైర్యవంతురాలు ఇంకెవరని శుక్రవారం జిల్లా పోటీలో మేడం మళ్లీ ఆమెనే ముందు పంపుతారు. నలభై తొమ్మిదితో వెళితే అసలు పక్కన కూర్చోబెట్టొచ్చు. ఆ పిల్లకు ఆటంటే ప్రాణం.

పూజిత వేడి అట్టు తెచ్చి నాయనమ్మ పళ్లెంలో వేసింది. తండ్రి వైపు చెయ్యి చాపింది.

"నాన్నా, పెన్ను."

సంతకం చేయబోతోందనుకుని ఆయన జేబులోంచి తీసి ఇచ్చారు. ఆమె నన్ను ఇద్దరి చేతుల్లోంచీ తీసుకుని, తండ్రి పెట్టిన టిక్కులన్నీ కొట్టేసి, మెట్ల మీద రాసినట్టే మళ్లీ రాయసాగింది. ఏడో ప్రశ్న దగ్గర నేను చిరుగుతానేమోనని మెల్లగా రాసింది.

"పెన్నుతోనా? చెరగదే అది!" అన్నారు మాస్టారు.

"తెలుసు నాన్నా."

"కడుపులో విపరీతంగానా?" కోటిరత్నం వంగి చూసింది. "ఎప్పట్నుంచే? నాకు చెప్పలేదేం?"

"నువ్వు అన్నం మానేస్తావని."

పదిహేనోది పూర్తయింది. పూజిత నన్ను మడత పెట్టింది. ఇంకో అట్టు వెయ్యనా అని అడిగినంత నెమ్మదిగా, ముగ్గురికీ వినబడేట్టు చెప్పింది:

"రేపు దీన్నే మేడంకిస్తున్నా. మొదటి కూతకు నన్ను పంపొద్దని అడుగుతా. మధ్యలో ఎప్పుడు పంపినా పోతా, కడుపులో తిప్పినా పోతా. పక్కన కూర్చోబెడితే మళ్లీ మళ్లీ అడుగుతా. ఆట మాత్రం మానను. శుక్రవారం మీరు ముగ్గురూ రండి. ముందు వరసలో మాత్రం కూర్చోబాకండి."