చార్జింగ్ దిగిపోయే బండి

పొద్దున్నే లేచి మొహం కడుక్కోకముందే ఎలక్ట్రీషియన్ చేసే పని ఒకటుంది. వరండాలో స్టాండు వేసి ఉన్న మోటారుసైకిల్ దగ్గరికి వెళ్ళి, తాళం తిప్పి, హారన్ నొక్కుతాడు. హారన్ నిండుగా మోగితే లోపలికి వచ్చి టీ పెడతాడు. జలుబు చేసినట్టు గురగురమంటే ఆ బ్యాటరీ విప్పి, రాత్రి చార్జింగుకి పెట్టి ఉంచిన రెండోదాన్ని బిగిస్తాడు. ఒకప్పుడు ఆ హారన్ విని పక్కింటావిడ లేచేది. ఈమధ్య గడియారం కొనుక్కుంది.

బండి పాతది. తయారుచేసిన కంపెనీ ఆ రకాన్ని ఎప్పుడో మానేసింది. కిక్కు కొట్టి లాగిద్దామన్నా కుదరదు. బ్యాటరీలో ఎంతోకొంత ప్రాణం ఉంటే తప్ప ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టదు. బళ్ళ వైరింగులో పేరున్న మనిషి బండి ఇలా ఉండటం వీధిలో అందరికీ వేళాకోళం. లోకంలో బళ్ళన్నీ బాగుచేసి సాయంత్రం తన బండి తోసుకుంటూ ఇంటికెళతాడని నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. భార్య కిడ్నీలు పాడయ్యేదాకా అది నవ్వుకోదగ్గ విషయమే.

ఇప్పుడు వారానికి మూడుసార్లు ఆమెను డయాలసిస్‌కి తీసుకెళ్ళాలి. ఆస్పత్రి నదికి అవతల. వాళ్ళకి దొరికింది మొదటి వంతు, తెల్లారుతుండగానే అక్కడ ఉండాలి. ఆ వేళకి బస్సు లేదు. అద్దె బళ్ళవాళ్ళు వంతెన దాటి రామంటారు. ఆలస్యమైతే ఆ మిషన్ మీదికి తర్వాతి వంతువాళ్ళని పిలిచేస్తారు. వాళ్ళనీ అనడానికి లేదు, మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ.

బండి మీద ఆమె కూర్చునే తీరు వేరు. భర్త వీపుకి ఆనుకోదు. మధ్యలో ఒక మనిషికి చోటు వదిలి వెనక అంచున కూర్చుంటుంది. ఆ చోటు వాళ్ళ కూతురిది. పిడుగు అనేవాళ్ళు దాన్ని. రెండో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి ప్రాణం పోయింది. బండి మీద మాత్రం ఉంది. సీటు ఆ మేరకు నొక్కుకుని ఉంటుంది, వెనక స్ప్రింగులు ఎవరో కూర్చున్నట్టు కిందికి ఉంటాయి. పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ, వరండాలోకి ఎండ వస్తే సీటు మీద ఒక తువ్వాలు కప్పి వెళ్ళేది. వంతెన మలుపులో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తి ఆపి, ముగ్గురెక్కకూడదని తెలీదా అని కసిరి, ఆమె ఒళ్ళో ఆస్పత్రి సంచి చూసి, పొండి పొండి అనేవాడు.

పిడుగు ఎదుగుతోంది కూడా. ప్రతి పుట్టినరోజుకీ తల్లి వెనక మడ్గార్డుకీ టైరుకీ మధ్య వేళ్ళు దూర్చి కొలుస్తుంది. మొదట్లో నాలుగు వేళ్ళు పట్టేవి. ఇప్పుడు రెండు పట్టడం గగనం. ఈ ఏడు బాగా ఒళ్ళు చేసిందండీ అని చెప్పి, ఆ పూటంతా కాస్త తేలిగ్గా తిరిగేది. దాని చోటు పెరిగిన కొద్దీ ఆమె చోటు తగ్గింది. సగం సీటు మీద, సగం వెనక ఇనప క్యారియర్ మీద కూర్చునేదాకా వచ్చింది. పిల్ల పెద్దదైపోయింది, ఇక ఈ బండి మీద ముగ్గురూ పట్టరు అన్నాడు కానిస్టేబుల్ ఒకరోజు. ఈసారి కసరలేదు.

చార్జింగ్ ఎందుకు దిగిపోతుందో వెతకడం అతనికి కొత్త కాదు. ముందు బ్యాటరీ మార్చాడు. వైర్లు బిగించే చోట పేరుకున్న తెల్లపొడిని వేడినీళ్ళతో కడిగి గ్రీజు పూశాడు. ఇంజను లేపి, రెయిజ్ చేసి మీటరు పెడితే పద్నాలుగు వోల్టులు చూపించింది. అంటే బండి నడిచినంతసేపూ చార్జింగ్ ఎక్కుతూనే ఉంది. అయినా నమ్మక ఇంజను పక్క మూత విప్పి కరెంటు పుట్టించే లోపలి కాయిల్ చూశాడు. దాని మూడు పసుపు వైర్లలో ఏదీ తెగలేదు, బాడీకి తగలడం లేదు. చార్జింగుని అదుపు చేసే రెక్టిఫయర్ మార్చాడు. మాడిపోయి గోధుమరంగుకి తిరిగిన కనెక్టరు ఒకటి దొరికితే, దొంగ దొరికినంత సంబరపడి కొత్తది వేశాడు. మర్నాడు హారన్ మళ్ళీ గురగురమంది.

మిగిలింది ఒకే పరీక్ష. తాళం తీసేసి, బ్యాటరీకి మైనస్ వైపు ఉన్న వైరు విప్పి, ఆ మధ్యలో మీటరు పెట్టడం. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు బ్యాటరీని తాగుతున్నది ఏదో అప్పుడు బయటపడుతుంది. కొట్టుకి ఏ బండి వచ్చినా అతను మొట్టమొదట చేసేది అదే. తన బండికి మాత్రం చేయలేదు.

ఆ వారం బండి వంతెన మధ్యలో ఆగింది. సంచిలో ఉన్న రెండో బ్యాటరీ బిగించాడు. అది కూడా అంతకుముందే ఉత్త డబ్బా అయిపోయినట్టుంది, హ్యాండిల్ దగ్గర దీపం కూడా వెలగలేదు. భార్యని రెయిలింగ్ దగ్గర కూర్చోబెట్టి అటూ ఇటూ పరిగెత్తాడు. చివరికి కూరగాయల లారీ ఒకటి ఆగింది. వాళ్ళు వెళ్ళేసరికి ఆమె మిషన్ మీద ఇంకొకాయన ఉన్నాడు. సాయంత్రానికి ఆమె పాదాలు చెప్పుల్లో పట్టలేదు. పడుకుంటే ఊపిరి ఆడక గోడకి ఆనుకుని కూర్చుంది. ఇంకొక్కసారి తప్పితే ఇక మా చేతుల్లో ఉండదు అని నర్సు కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

అతనికి పని నేర్పిన పెద్దాయన ఇంకా రోజూ కొట్టుకి వస్తాడు. చూపు మందగించింది. స్టూలు మీద కూర్చుని, శబ్దం విని జబ్బు చెబుతూ, వచ్చినవాళ్ళని ఆటపట్టిస్తూ పొద్దుపుచ్చుతాడు. వంతెన సంగతి విన్నాక ఆ రోజు ఎవరితోనూ వేళాకోళాలాడలేదు.

"మైనస్ విప్పి చూశావురా?" అన్నాడు.

ఎలక్ట్రీషియన్ నీళ్ళు నమిలాడు. రెక్టిఫయర్ మీదే ఇంకా అనుమానంగా ఉందన్నాడు. కొత్తవి కూడా ఈమధ్య నాసిరకం వస్తున్నాయన్నాడు.

"రేపు నీ పెళ్ళానికి ఊపిరందకపోతే అప్పుడూ రెక్టిఫయరే మారుస్తావా? బండి లోపలికి తీసుకురా. నా మీటరు పట్రా."

పెద్దాయన మీటరు ముల్లుది. అంకెలు మెరిసే కొత్త మీటర్లు ఆయనకి గిట్టవు. ఆయన దగ్గర చేరినవాళ్ళందరికీ మొదటిరోజే ఒక మాట చెప్పేవాడు. తేడా వస్తే నీ చేతిని అనుమానించు, వైరుని అనుమానించు, మీటరుని మాత్రం అనుమానించకు. మీటరు అద్దం మీద వేలితో తట్టినవాణ్ణి ఆ పూట పనిలోంచి పంపేసేవాడు.

మైనస్ వైరు విప్పి మధ్యలో మీటరు పెట్టగానే ముల్లు లేచింది. ఫ్యూజు తీశాడు, ముల్లు దిగలేదు. రెక్టిఫయర్ విడదీశాడు, హారన్ విడదీశాడు, తాళం దగ్గర వైర్లు విడదీశాడు. చివరికి బ్యాటరీకీ బండి ఇనుముకీ మధ్య తాగడానికి ఒక్క బల్బు కూడా లేకుండా చేశాడు. ముల్లు అలాగే ఉంది.

"ఎలా ఉందో చెప్పు. నాకు కనిపించి చావదు" అన్నాడు పెద్దాయన.

"నిలకడగా లేదు గురువుగారూ. కాస్త లేస్తోంది, కాస్త దిగుతోంది. మళ్ళీ లేస్తోంది."

"ఊపిరి తీసినట్టు?"

"నిద్రలో తీసినట్టు."

పెద్దాయన స్టూలు బండి దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత, చివరిసారి పిడుగుని బండి దింపింది ఎవరని అడిగాడు.

బండెక్కితే నిద్రపోవడం పిడుగుకి అలవాటు. ఇద్దరి మధ్యా ఇరుక్కుని, తండ్రి వీపుకి బుగ్గ ఆనించి, వీధి చివరికి వచ్చేసరికి గుర్రు పెట్టేది. ఇల్లు చేరాక ఎత్తుకుని దింపితే ఏడ్చి గోల చేసేది. "దిగు తల్లీ, వచ్చేశాం" అని వాళ్ళమ్మ చెప్పాలి. అప్పుడు కళ్ళు తెరవకుండానే తనంతట తను దిగి, తడుముకుంటూ లోపలికి వెళ్ళి మంచం మీద పడేది. తండ్రి చెబితే దిగేది కాదు. నువ్వు కాదు, అమ్మ చెప్పాలి అనేది.

ఆ జ్వరం రోజు కూడా మధ్యలోనే కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. ఆస్పత్రి గుమ్మంలో బండి ఆగీ ఆగకముందే వార్డు మనిషి ఒకతను పిల్లని అందుకుని లోపలికి పరిగెత్తాడు. వెనకాలే తల్లి పరిగెత్తింది. అతను బండి పక్కన పెట్టి వచ్చేసరికి తలుపులు మూసి ఉన్నాయి. దిగమని ఎవరూ చెప్పలేదు.

"లోపం బండిలో లేదురా. ఎక్కిన మనిషి దిగలేదు" అన్నాడు పెద్దాయన. "దిగకుండా చార్జింగ్ ఎక్కడ నిలుస్తుంది?"

ఇంటికి వచ్చి భార్యకి చెప్పాడు. గోడకి ఆనుకుని కూర్చున్న ఆమె అంతా విని, నాకు తెలుసు అంది. ఎన్నాళ్ళ నుంచి తెలుసని అతను అడగలేదు. తనకీ తెలుసు కదా.

"ఇక్కడ నుంచి దిగితే అది ఎక్కడికెళుతుందో చెప్పండి, అప్పుడు చెబుతాను దిగమని" అంది.

అతను ఇంకో రెండు బ్యాటరీలు తెస్తానన్నాడు.

"తెండి. నేను ఉన్నన్నాళ్ళూ మారుస్తూ ఉండండి. నేను పోయాక ఆస్పత్రికి తిరిగే పని ఉండదు, మీకూ సుఖమే. బండి వరండాలో పడుంటుంది, దాని మానాన అది ఉంటుంది." ఊపిరి కోసం కాసేపు ఆగింది. "నేను లేకపోతే ఏమయింది? ఎదిగే పిల్ల అది."

అతను వంటింట్లోకి వెళ్ళి, చేయడానికి ఏ పనీ లేక, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాడు.

డయాలసిస్ రోజు పొద్దున హారన్ గురగుర కూడా అనలేదు. కొత్త బ్యాటరీ బిగించాడు. దీపం వెలిగి, అతను చూస్తుండగానే ఎర్రబడి, ఆరిపోయింది. రెండోది బిగించాడు, అదీ అంతే. బిగించడానికి ఇంకోటి ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని బండి పక్కన మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు.

ఆమె సంచి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పాదాలు పట్టక అతని చెప్పులు వేసుకుంది. గుమ్మం నుంచి బండి దగ్గరికి నాలుగడుగులు, మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుంది. అతను తలెత్తలేదు. తలెత్తితే అడిగినట్టవుతుందని భయం. ఆమె బండికి ఆనుకుని నిలబడింది. మడ్గార్డు కింద వేళ్ళు దూర్చింది. ఒక్క వేలే పట్టింది.

"పెళ్ళీడు పిల్ల ఎత్తు వచ్చేట్టుంది" అంది.

అతను భుజంతో మొహం తుడుచుకున్నాడు. ఆమె సీటు మీద చెయ్యి వేసి, నిమిరి, తీసేసింది. పక్కింటావిడ కిటికీ తెరిచి, చూసి, చప్పుడు కాకుండా మూసేసింది.

"దిగు తల్లీ" అంది ఆమె. సీటు మీదికి వంగి మళ్ళీ అంది. "దిగు తల్లీ, వచ్చేశాం."

వెనక స్ప్రింగులు కిర్రుమని, మెల్లగా, నాలుగు వేళ్ళ ఎత్తు లేచాయి. సీటు మీద గుంట పూడింది. ఆమె బండి పక్కన తన భుజమంత ఎత్తులో ఒకచోట చూసింది, అక్కడి నుంచి గుమ్మం దాకా చూపు నడిపించింది. అతను తాళం కప్ప తీసుకుని తలుపు దగ్గరికి వెళ్ళబోతే వద్దంది.

"దగ్గరగా వేసి ఉంచండి చాలు."

మిగిలిన ఆ ఒక్క బ్యాటరీ బిగించాడు. బటన్ నొక్కగానే ఇంజను అందుకుంది. ఆమె అలవాటు కొద్దీ వెనక క్యారియర్ మీదే కూర్చుంది. ఇద్దరి మధ్యా గాలి చొరబడి అతని చొక్కాని వీపు మీద టపటప కొట్టింది. వంతెన మలుపులో కానిస్టేబుల్ ఎప్పటిలాగే చెయ్యి ఎత్తబోయి, సగంలో ఆపి, ఆ చేత్తో టోపీ సర్దుకుని అటు తిరిగాడు.

వంతు అందుకున్నారు. మిషన్ మొదలయ్యాక నర్సు బయటికి వచ్చి, నిద్రపోయింది, ఊపిరి సమంగా ఉంది, మీరు కాసేపు కిందికి వెళ్ళి కూర్చోండి అని చెప్పింది. చాలా రోజుల తర్వాత ఆమె వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. తలుపు సందులోంచి చూసి, కిందికి దిగి వచ్చాడు.

బళ్ళు పెట్టే రేకుల షెడ్డులో నేల మీద కూర్చుని, సంచిలోంచి పెద్దాయన మీటరు తీశాడు. మైనస్ వైరు విప్పి మధ్యలో పెట్టాడు. ముల్లు సున్నా దగ్గర ఉంది. లేవలేదు. వైరు మళ్ళీ గట్టిగా నొక్కి చూశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎండ షెడ్డులోకి వచ్చి ఖాళీ సీటు మీద పడింది. అతను లేచి జేబురుమాలు తీసి దాని మీద పరిచాడు. తిరిగి కూర్చుని, మీటరుని మొహానికి దగ్గరగా తెచ్చుకుని, అద్దం మీద వేలితో తట్టాడు.